ఏం చూశావు? ఎక్కడ? ఎప్పుడు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా నుంచి వచ్చాడు కదా, ఉద్యోగాల గురించో వీసాల గురించో చెప్తాడని మీరు అనుకుని ఉంటారు. నేను ఒక కుక్క గురించి, ఒక పుట్టగొడుగు గురించి మాట్లాడతాను. ఇప్పుడు మనలో చాలామంది ఇళ్లలో కుక్కలున్నాయి. సెలవు దొరికితే వాటిని వెంటబెట్టుకుని కొండలకూ అడవులకూ వెళ్తున్నాం. నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఈ విషయం ఎంచుకున్నాను.

మేముండేది కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర. మా అమ్మాయి పట్టుబట్టి పెంచుకున్న లాబ్రడార్ కుక్క ఉండేది. పేరు చిట్టి. అక్కడ వానలు చలికాలంలో పడతాయి. జనవరిలో ఒక ఆదివారం వాన వెలిసింది కదా అని ముగ్గురం కొండ బాట పట్టాం. గొలుసు విప్పేశాను. ఓక్ చెట్ల కింద రాలిన ఆకుల్లో మూతి పెట్టి చిట్టి ఏదో నములుతోంది. అమ్మాయి “నాన్నా, పుట్టగొడుగు తింటోంది” అంది. “ఛీ, వదులు” అని లాగాను. అప్పటికే మింగేసింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నది. నేనా సంగతి మరిచిపోయాను.

ఎందుకు మరిచిపోయానంటే, నా బుర్రలో పుట్టగొడుగంటే కూర. తొలకరి పడగానే అమ్మ పుట్టల దగ్గర ఏరుకొచ్చి ఉల్లిపాయ వేసి వండేది. మా అమ్మకు ఏది తినేదో తెలుసు. నాకు తినడం మాత్రమే తెలుసు.

రాత్రి పదకొండుకి వాంతులు మొదలయ్యాయి. తెల్లారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. “బయట ఏమైనా తిన్నదా?” అని ఆయన అడిగాడు. “లేదండీ, ఇంటి తిండే” అన్నాను. సెలైన్ ఎక్కించి మందులిచ్చాడు. మంగళవారం పొద్దున చిట్టి లేచి తోక ఊపింది, పెరుగన్నం తిన్నది. గండం గడిచిందని మా ఆవిడ దేవుడికి దీపం పెట్టింది. బుధవారం లేవలేకపోయింది. చిగుళ్లు, కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు మళ్లీ అదే ప్రశ్న వేశాడు. ఈసారి స్కూలు మాని మాతో వచ్చిన అమ్మాయి జవాబు చెప్పింది: “ఆదివారం పుట్టగొడుగు తిన్నది అంకుల్.” ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. గురువారం తెల్లవారుజామున చిట్టి పోయింది.

తర్వాత ఆ ఊరి పుట్టగొడుగులు బాగా ఎరిగిన ఒకావిడతో అదే చోటికి వెళ్లాను. అక్కడ ఇంకా నాలుగు ఉన్నాయి. ఆవిడ చూడగానే డెత్ క్యాప్ అంది. గొడుగు లేత పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, కింద రేకులు తెలుపు, కాడకు ఉంగరంలాంటి పొర, మట్టి తవ్వి చూస్తే మొదట్లో చిన్న సంచి. యూరప్ నుంచి తెచ్చి నాటిన చెట్ల వేళ్లతో పాటు ఇది అమెరికా చేరిందని చెప్పింది. ఒక్కటి చాలు, పెద్ద మనిషి ప్రాణం తీయడానికి. ఉడికించినా, ఎండబెట్టినా విషం పోదు.

దీని విషం వెంటనే బయటపడదు. ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆ తర్వాత తేరుకున్నట్టు కనిపిస్తుంది. ఆ సమయంలోనే లోపల కాలేయం చెడిపోతూ ఉంటుంది. మేము దీపం పెట్టిన మంగళవారం అదే. తిన్న గంట రెండు గంటల్లో డాక్టరు చేత కక్కించి, బొగ్గు మందు పట్టించి ఉంటే బతికే అవకాశం ఉండేది.

అమెరికా సంగతి మనకెందుకు అనకండి. మన కొండ బాటల పక్క ఏమున్నాయో చూడండి. గన్నేరు, పచ్చగన్నేరు గుండె మీద దెబ్బ కొడతాయి. ఎర్రగా, పసుపుగా నిప్పులా పూసే అడవినాభి దుంప ప్రాణాంతకం. గురివింద గింజ అలాగే మింగితే గట్టి తోలు వల్ల బయటికి పోవచ్చు, నమిలితే ప్రమాదం. ఆముదం గింజలూ అంతే. ఆముదం పిండి తోటలో ఎరువుగా వేస్తే కుక్కలు వాసనకి వచ్చి తింటాయి, జాగ్రత్త. ఉమ్మెత్త సంగతి మీకు తెలిసిందే.

కుక్క ఏదైనా తిన్నదని అనుమానం వస్తే, బాగానే ఉంది కదా అని ఆగకండి. వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. తిన్న మొక్క ముక్కో, పుట్టగొడుగో మొదలుతో సహా తీసి కాగితంలో చుట్టి తీసుకెళ్లండి, ఫోటో తీయండి. ఉప్పునీళ్లు పోసి కక్కించవద్దు, ఆ ఉప్పే కుక్కకు విషమవుతుంది. అడవిలో గొలుసు విప్పకండి. “వదులు” అంటే వదిలేలా ఇంట్లోనే నేర్పండి.

మన సైన్సు మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. ఎనిమిదో తరగతిలో మమ్మల్ని బడి వెనక గుట్ట ఎక్కించి, తెంపిన ప్రతి ఆకునీ పాత పేపర్లో పెట్టించి మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏం చూశావు? ఎక్కడ? ఎప్పుడు? జవాబు రాయని వాడికి గోడ కుర్చీ. ఆ సోమవారం డాక్టరు నన్ను అడిగిందీ అదే. మాస్టారూ, మూడింటికీ నా దగ్గర జవాబుంది. చెప్పలేదు. క్షమించండి.

సంఘానికి ఒక విన్నపం. నిన్న బడి ఆవరణంతా తిరిగాను. సైకిల్ స్టాండు పక్కన పచ్చగన్నేరు ఇంకా ఉంది, కింద కాయలు రాలి ఉన్నాయి. పిల్లలు అక్కడే ఆడుకుంటున్నారు. కొట్టేయమని నేననను. ఆవరణలో ప్రతి చెట్టుకూ పేరు, విషమైతే ఆ మాట రాసిన పలక పెడదాం. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను. పేర్లు మాత్రం పిల్లల చేతే రాయించండి, మాస్టారు పక్కన నిలబడి చూస్తారు.