నడివయసులో వ్యాయామము

మా ఊరు నకిరేకల్. హైదరాబాదునుండి విజయవాడకు పోవు దారిలో, తాటిచెట్ల నడుమ ఉన్న ఊరు. క్రిందటి సంవత్సరము సెలవులో ఇంటికి పోయినప్పుడు మా అన్నగారు అరుగుమీద కూర్చుండి, గోడ గడియారమువైపు చేయి చూపి, “తమ్మీ, టైమెంతయింది? మెడ లేస్తలేదు” అని అడిగెను. ఆయనకు అరువదియేండ్లింకను నిండలేదు. నాకంటె పండ్రెండేండ్లు పెద్ద. నడక చూచినవారు మాత్రము ముప్పదేండ్లు పెద్ద యనుకొందురు. మేమిద్దరమును ఒకే బావినీరు, పిదప ఒకే బోరునీరు త్రాగి పెరిగినవారము. నేను పదునేడవయేట చదువునకై పట్టణము చేరితిని. ఆయన పొలము చూచుకొనుచు అచటనే ఉండిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మెడ ఎంత వంగునో, నడుము ఎంత తిరుగునో పక్కమీదనే పరీక్షించుకొంటిని. మైకు ముందర కూర్చుండి మాట్లాడుట నా వృత్తి. ఇరువదియేండ్లుగా నా దేహములో శ్రమించినది నాలుక యొక్కటియే. తెల్లవారగనే చెరువుకట్టమీద పరుగు లంకించుకొంటిని. కట్ట సగమైన దాటకమునుపే రొప్పుచు కూలబడితిని. మోకాలు వాచి మూడు దినములు మంచము దిగలేదు. చూడవచ్చిన వైద్యుడు నా రక్తపుపోటు కొలిచి, 150 మీద 96 ఉన్నదని చెప్పి, “ఇది కొలిపించుకొన్న తరువాత కదా పరుగెత్తవలసినది!” అనెను. నేటి నా ప్రసంగమునకు ఆ మాటయే మూలము.

వ్యాయామ మనగానే మనకు మల్లయోధులు జ్ఞప్తికి వత్తురు. 1942లో కీర్తిశేషులైన కోడి రామమూర్తినాయుడుగారు రొమ్ముమీద ఏనుగును మోసిన ముచ్చట తెలుగునాట వినని వారరుదు. మన తెలంగాణ పట్టణములలో తాలీంఖానాలు, అందలి ఎర్రమట్టి, దండీలు, బస్కీలు పెద్దలకింకను గుర్తే. అవి లేబ్రాయమున ఉస్తాదు ఎదుట నేర్చిన విద్యలు. నలువదేండ్లు దాటి, కుర్చీకి అలవాటుపడినవానికి కావలసినది వేరు.

1953లో జెరెమీ మోరిస్ అను ఆంగ్ల వైద్యుడు లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించి, ఆ ఫలితములను ప్రకటించెను. దినమంతయు కూర్చుండి బండి నడుపు డ్రైవర్లకంటె, టికెట్లకై మెట్లెక్కి దిగుచుండు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచుండెనట. ఆ కండక్టర్లు వస్తాదులు కారు. వారు చేసినదెల్ల ప్రతిదినమును మెట్లెక్కుటయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనలును ఇట్టివే: పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములవరకు ఓమోస్తరు శ్రమ చేయవలెననియు, కండరములకు బలము నిచ్చు పని వారములో రెండు దినములైన ఉండవలెననియు. అనగా అరగంట నడక చొప్పున వారమునకు ఐదు దినములు. ఓమోస్తరు శ్రమ యనగా ఎంత? దీనికి మా వృత్తికి నచ్చిన కొలత యొకటి కలదు. నడుచుచు ప్రక్కవానితో మాట్లాడగలుగుచు, పాట పాడలేకున్నచో ఆ వేగము సరియైనది. మాటయు తెగిపోవుచున్నచో తగ్గింపవలెను.

ఇది లోకమున కంతకును చెప్పు మాట. నల్లగొండ జిల్లావారికి దీనికి ముందు చెప్పవలసిన మాట మరియొకటి ఉన్నది. నీటిలోని ఫ్లోరైడు ఎముకలలో చేరి దేహమును వంచు వ్యాధిని 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి వర్ణించిరి. తరువాత ఆ వ్యాధికి మన జిల్లా పేరు మారుపేరైపోయినది. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరు శాస్త్రజ్ఞులు 1970 ప్రాంతములలో రూపొందింపగా, దానికి లోకమంతటను ‘నల్లగొండ పద్ధతి’ అనియే పేరు. 1996లో నీటికొరకు ఈ లోక్‌సభ స్థానమునకు 480 మంది పోటీ చేసిరి; బ్యాలెట్టు పత్రము పుస్తకమంత అయినది. ఇట్టి కీర్తిని ఏ జిల్లాయు కోరుకొనదు.

ఈ వ్యాధిలో ఎముక చిక్కబడును గాని గట్టిపడదు, పెళుసెక్కును. కీళ్లను పట్టియుంచు నరములవంటి పట్టీలు సున్నము పట్టి బిగియును. అట్టి నడుమును పట్టుదలతో వంచినచో మేలు బదులు కీడు కలుగును. కావున వ్యాయామము మొదలిడుటకు ముందు మూడు చిన్న పరీక్షలు చేసికొనుడు. మోకాళ్లు వంచక నేలమీది రూపాయి బిళ్లను తీయుడు. గడ్డమును రొమ్మునకు ఆనించుడు. చేతులు చాచి, మోచేతులు మడిచి, తల వెనుకభాగమును తాకుడు. ఇవి ఫ్లోరోసిస్‌ను పసిగట్టుటకు గ్రామములలో వాడు పరీక్షలే. చేయలేకపోయినంత మాత్రమున ఆ వ్యాధియే యని కాదు, కీళ్లవాతమైనను కావచ్చును. వైద్యునకు చూపవలెనని మాత్రము అర్థము. కాళ్లు తిమ్మిరెక్కుట, పట్టు తప్పుట ఉన్నవారు అసలే ఆలస్యము చేయరాదు. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు ఉన్నవారును వైద్యుని అడిగియే మొదలుపెట్టవలెను. ఇన్సులిను తీసికొనువారు శ్రమలో చక్కెర పడిపోవు నవకాశ మున్నది గనుక జేబులో ఒక బెల్లపుముక్క ఉంచుకొందురు గాక.

నీటి విషయము ముగియలేదు. నడచువానికి దాహ మెక్కువ. మే నెలలో మా వైపు ఎండ 44, 45 డిగ్రీలు ముట్టును. శ్రమకొలది నీరు త్రాగవలెను. అది పాత బోరునీరైనచో ఆరోగ్యమునకై నడచి రోగమును కొని తెచ్చుకొనుటయే. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలలో నదీజలము వచ్చుచున్నది. దారిలో బోరింగు కనబడినను, ఇంటినుండి సీసా తీసికొని పోవుటయే మేలు. వేసవిలో సూర్యోదయమునకు ముందే నడక ముగియవలెను. తలనొప్పి, వాంతి, చెమట పట్టక ఒళ్లు కాలిపోవుట, మాట తడబడుట వడదెబ్బ చిహ్నములు. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలతో చల్లార్చుచు ఆసుపత్రికి తరలింపవలెను.

ఇక నేను మరల మొదలుపెట్టిన తీరు. మొదటి వారము పది నిమిషములు మాత్రమే, నెమ్మదిగా. తరువాత వారమునకు మూడు నాలుగు నిమిషములు చొప్పున పెంచితిని. చివరి ఐదు నిమిషములు వేగము తగ్గించితిని. హఠాత్తుగా ఆగినచో తల తిరుగును. వారములో రెండు దినములు చేతుల ఊత లేకుండ కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుంటిని, గోడకు చేతులానించి దేహమును ముందుకు వెనుకకు నెట్టితిని. ఊపిరి బిగపట్టరాదు, రక్తపుపోటు ఉన్నవారికి అది మరియు ముఖ్యము. రొమ్ములో బరువు, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకు నొప్పి, అకారణముగ చెమట వచ్చినచో అంతటితో ఆపి ఆసుపత్రికి పోవలెను. అజీర్ణమని సోడా త్రాగి కూర్చుండరాదు. మందు మానలేదు. మూడు నెలలకు నా పోటు 134 మీద 86కు దిగినది. ఎంత మందువలన, ఎంత నడకవలన అని వైద్యుని అడిగితిని, నవ్వి ఊరకుండెను.

మా అన్నగారిని వైద్యునకు చూపితిమి. బిగిసిన మెడ మరల వదులగునని ఆయన మాట ఇయ్యలేదు. మెడను బలవంతముగ త్రిప్పవద్దనియు, చదునైన నేలమీద చేతికర్రతో కొంచెము కొంచెముగ నడువుమనియు చెప్పెను. క్రిందటి మాసము నేను పోయినప్పుడు, తెల్లవారుజామున చెప్పులు తొడుగుకొని నాకంటె ముందే వాకిట నిలిచియుండెను. కట్టమీద చింతచెట్టు వరకు పోయి కూర్చుంటిమి. లేచునప్పుడు నా భుజము పట్టుకొని, “ఈడిదాంక వచ్చినం గద. పైవారం తూముదాంక పోదాం” అనెను. తూము ఆ చెట్టునుండి ఇన్నూరడుగులుండును.