తాతగారి ఫొటోను బాగుచేయించే ముందు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో మన తెలుగిండ్ల గోడలకు వ్రేలాడే పాత ఫొటోలను గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ అంటే జెలటిన్ పొరలో నిలిచిన వెండి రేణువులే. వానకాలపు చెమ్మకు ఆ పొర ఉబ్బి అద్దానికి అతుక్కుంటుంది. దయచేసి పీకకండి, మొగం అద్దంతోనే ఊడివస్తుంది. అద్దంతో సహా చట్రం నుండి తీసి, 600 డి.పి.ఐ.కి తగ్గకుండా స్కాన్ చేయించి, టిఫ్ ఫైలుగా దాచండి. గీతలు, మరకలు కంప్యూటరుపై తుడిచివేయడం తేలికే. చిక్కంతా చెదలు తిన్న మొగంతోనే. నేటి కృత్రిమ మేధ లేని కన్నును, ముక్కును తానే కల్పించి అతికిస్తుంది. చూడముచ్చటగానే ఉంటుంది గాని, ఆయన మన తాత కాడు, ఎవరో పెద్దమనిషి! ఆ చోటును ఖాళీగా విడిచిపెట్టడమే మేలని నా అభిప్రాయం.

అట్ట వెనుకవైపు కూడా స్కాన్ చేయించండి. పేర్లు, ఊరు, సంవత్సరం తరచు అక్కడే తెలుగులో వ్రాసి ఉంటాయి. 2006 నాటి చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి అయింది. ఇంట తెలుగే మాట్లాడుతూ ఆ వ్రాత చదువలేని పిల్లలు మనలో ఉన్నారు. చదువగల అవ్వలు ఉండగానే చదివించి, ఫైళ్లకు ఆ పేర్లే పెట్టండి.