ప్రారంభోత్సవం తరువాత బాధ్యత ఎవరిది?

ఆరోగ్యం, పారిశుద్ధ్యాల్లో వ్యాపార సంస్థల భాగస్వామ్యం – మన బస్తీల వాటా

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచ ఆరోగ్యానికీ, పారిశుద్ధ్యానికీ వ్యాపార సంస్థల భాగస్వామ్యం ఏ విధంగా తోడ్పడుతుందన్నది ఈనాడు మాకప్పగించిన అంశం. ఇది జెనీవాలోనో ఢిల్లీలోనో చర్చించవలసిన విషయమని కొందరికి తోచవచ్చు. కాని బిందె పట్టుకుని నీటికోసం నిలబడే తల్లికి, బడిలో మరుగుదొడ్డి లేక సాయంత్రం దాకా నీళ్లు తాగని ఆడపిల్లకు ఇది ఇంటి విషయమే. మేము మూడు దశాబ్దాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవారం. మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే: ఈ పనికి బాధ్యులెవరు, డబ్బు ఎక్కడిది, కాగితం ఎక్కడ ఆగిందని అడగడం. ఆ పద్ధతిలోనే మాట్లాడుతాము.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఈ మూడు పట్టణాల్లో ఒకదానిలో, మనవాళ్లు అధికంగా నివసించే ఒక బస్తీలో, ఒక సంస్థ శుద్ధజల కేంద్రాన్ని నెలకొల్పింది. పూలదండలు, ఫోటోలు, మిఠాయిలు అన్నీ జరిగాయి. ఇరవై లీటర్ల డబ్బా నామమాత్రపు ధరకు దొరికింది. రెండేళ్లు తిరగకముందే యంత్రంలోని వడపోత పొరలు పూడిపోయాయి, కరెంటు బిల్లు పేరుకుపోయింది. మేము అప్పగించేశామని సంస్థవారు అన్నారు. అప్పగించినట్లు కాగితమే లేదని కార్యాలయంవారు అన్నారు. వసూలైన డబ్బుకు రసీదు పుస్తకం చూపించండని బస్తీవారు కమిటీని అడిగారు. ఆ కమిటీలో మేమూ సభ్యులమే. మా దగ్గర పుస్తకం లేదు. జీవితమంతా ఇతరుల లెక్కలు సరిచూసిన మేము మన నీళ్ల లెక్క రాయలేదు. గదికి తాళం పడింది. మన ఇళ్లలోని ఆడవారు మళ్లీ ఎక్కువ ధరకు డబ్బాలు కొనడం మొదలుపెట్టారు.

ఇటువంటి అనుభవం మనకొక్కరికే కాదు. 2014లో దేశమంతటా పాఠశాలల్లో మరుగుదొడ్లు నిర్మించాలన్న స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమంలో ప్రభుత్వరంగ సంస్థలు పాలుపంచుకుని 1.3 లక్షలకు పైగా మరుగుదొడ్లు కట్టించాయి. అది చిన్న పని కాదు. అయితే కాగ్ తనిఖీ బృందాలు 15 రాష్ట్రాల్లో కొన్నింటిని స్వయంగా పరిశీలించినప్పుడు, కట్టినవాటిలో 72 శాతానికి లోపల నీటి వసతి లేదని, 30 శాతం వాడుకలోనే లేవని తేలింది. ఇటుకలకు, సిమెంటుకు డబ్బు దొరికింది. నీటికి, శుభ్రపరిచే మనిషికి మాత్రం ఎవరూ పూచీపడలేదు.

మన ఉమ్మడి నల్లగొండ జిల్లా పేరు మీదనే ప్రపంచానికి తెలిసిన ఒక పద్ధతి ఉంది. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నం కలిపి తగ్గించే ఈ విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ 1970ల దశకంలో రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. ఆఫ్రికాలోని ఇథియోపియా, టాంజానియా వరకు అది వెళ్లింది. ఖర్చు తక్కువే గాని, నీటిని బట్టి ప్రతిరోజూ పాళ్లు చూసి కలిపే మనిషి కావాలి. ఆ మనిషి లేనిచోట శాస్త్రం సరైనదైనా తొట్టి ఎండిపోయింది. మన జిల్లా పిల్లల ఎముకలు వంగిపోయిన కాలాన్ని చూసినవారం గనుక, ఈ రోజువారీ బాధ్యత విలువ మనకు తెలియాలి.

ఇక నిలిచిన పనులను చూద్దాం. ఈ శతాబ్దపు తొలి దశకంలో మన సూర్యాపేట దేశంలోని పురపాలక సంఘాలకు పాఠం చెప్పింది. అప్పటికి సుమారు లక్ష జనాభా గల పట్టణం. కమిషనర్‌గా ఉన్న ఖాదర్ సాహెబ్ ఆధ్వర్యంలో వీధి చెత్తకుండీలను తొలగించి, ఇంటింటా తడి చెత్తను, పొడి చెత్తను వేరుగా సేకరించే ఏర్పాటు చేశారు. మహిళా పొదుపు సంఘాలు బ్యాంకు రుణంతో ట్రాక్టర్లు కొని చెత్త తరలింపు పనిని చేపట్టాయి. తడి చెత్త ఎరువుగా మారింది, పొడి చెత్త అమ్మకానికి వెళ్లింది. ఇతర రాష్ట్రాల అధికారులు చూడటానికి వచ్చారు.

ఇందులో భాగస్వాములెవరో గమనించండి. బ్యాంకుకు వాయిదా అందాలి. మహిళా సంఘానికి నెలనెలా కిరాయి రావాలి. పాత సామాను వ్యాపారికి సరుకు దొరకాలి. పురపాలక సంఘానికి వీధి శుభ్రంగా ఉండాలి. ఒకరి పని ఆగితే మరొకరికి నష్టం గనుక, ప్రతి ఒక్కరూ రెండోవారిని అడిగేవారు. ఇది దానం కాదు, ఒప్పందం.

పెద్ద ఎత్తున కూడా ఇదే సూత్రం. పసిపిల్లల ప్రాణాలు తీసే విరేచనాలకు ప్రధాన కారణం రోటావైరస్. దానికి టీకా రోటావాక్. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో పిల్లల నుండి గుర్తించిన వైరస్ రకం ఆధారంగా, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, విదేశీ పరిశోధనా సంస్థలు, గేట్స్ ఫౌండేషన్, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కలిసి దానిని తయారుచేశాయి. డోసును ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ ముందుగానే ప్రకటించింది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో తొలుత చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పరిశోధన ఒకరిది, తయారీ ఒకరిది, కొనుగోలు ప్రభుత్వానిది, బిడ్డ నోట్లో చుక్కలు వేసే పని ఏఎన్ఎమ్‌ది. ఎవరి పని ఏదో తేలింది గనుక టీకా పేద ఇంటికి చేరింది. అయినా ఒక మాట మరువరాదు. టీకా ఒక రోగాన్ని ఆపుతుంది గాని, మురుగు కలిసిన నీరు తెచ్చే మిగతా రోగాలను ఆపలేదు. మంచినీటి పైపు మోరీలో నుండి పోతున్నంతకాలం బిడ్డ ఆస్పత్రికి వెళ్తూనే ఉంటాడు.

కనుక భాగస్వామ్యం మంచిదో కాదో ప్రారంభోత్సవం నాడు తెలియదు. మూడో సంవత్సరంలో తెలుస్తుంది. అప్పటికి మరమ్మతు ఎవరిది, బిల్లు ఎవరిది, లెక్క ఎవరికి చూపాలి అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. ఆ కాగితం మీద బస్తీ సంతకం కూడా ఉండాలి. ఇదే మేము చెప్పదలచిన ముఖ్య విషయం.

చట్టం మనకు ఏమి ఇచ్చిందో చూద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. 500 కోట్ల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఏడవ షెడ్యూలులో నివారణ వైద్యం, పారిశుద్ధ్యం, సురక్షిత తాగునీరు స్పష్టంగా ఉన్నాయి. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి కంపెనీ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షన్ చెబుతున్నది. మేళ్లచెరువు, మఠంపల్లి, దామరచర్ల చుట్టూ సున్నపురాయి మీద ఎన్ని సిమెంటు కర్మాగారాలు నడుస్తున్నాయో మీకు తెలుసు. వాటి లారీలు పోయే దారుల్లోనే మన పట్టణాలున్నాయి. ఈ చట్టం కిందికి వచ్చే కంపెనీ ఆ నిధిని ఎక్కడ ఖర్చు చేసిందో వార్షిక నివేదికలో, వెబ్‌సైటు ఉంటే అందులో చూపించాలి. మన డిగ్రీ పిల్లలు ఒక గంట కూర్చుంటే ఆ వివరాలు చదవగలరు.

అయితే అడిగే తీరు తెలియాలి. మసీదు కమిటీ పేరుతో అర్జీ పెడితే సాధారణంగా ఫలితముండదు. పని ప్రజలందరికీ ఉపయోగపడేదై ఉండాలి. అమలుచేసే స్వచ్ఛంద సంస్థకు 2021 నుండి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద నమోదు తప్పనిసరి. కాబట్టి పురపాలక సంఘం ద్వారా గాని, నమోదైన సంస్థ ద్వారా గాని, మన వీధిలోని ఇతర సమాజాల కుటుంబాలను కలుపుకుని అడగడమే సరైన మార్గం. మోరీ పొంగితే అది మతం చూసి ఇంట్లోకి రాదు. మరొక హెచ్చరిక. కంపెనీ ఇచ్చింది గదా అని పురపాలక సంఘం తన విధి నుండి తప్పుకోరాదు. పన్ను కట్టే పౌరులుగా తాగునీరు, మురుగు కాలువ మన హక్కు. కంపెనీ సాయం ఆ హక్కుకు తోడు కావాలి గాని బదులు కారాదు. అందుకు 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉన్నది.

ఇతరులను అడిగేముందు మన దుకాణాల వైపు చూసుకోవాలి. మాంసం దుకాణాలు, హోటళ్లు, మెకానిక్ షెడ్లు, పండ్ల బండ్లు, పాత ఇనుము దుకాణాలు మనవే అధికం. మేమూ వ్యాపార వర్గమే. మదీనాలో రూమా బావిని వ్యాపారి అయిన హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొమ్ముతో కొని, అందరికీ ఉచితంగా వక్ఫ్ చేసిన చరిత్ర మనం పిల్లలకు చెబుతాము. ఆ చరిత్ర చెప్పి, దుకాణం వ్యర్థాలను రాత్రిపూట మోరీలో వేయడం మనకు తగదు. 2016 ఘన వ్యర్థాల నియమాలు చెత్త ఏరుకునేవారిని, పాత సామాను సేకరించేవారిని వ్యవస్థలో భాగంగా గుర్తించాయి. ఆ పనిలో మన పేద కుటుంబాలెన్నో ఉన్నాయి. వారికి గుర్తింపు కార్డు, చేతి తొడుగులు, పొడి చెత్త కేంద్రంలో చోటు అడగడం దయ కోసం కాదు.

చివరిగా పట్టణానికొక పని చెబుతాము. సూర్యాపేటలో పాత సామాను వ్యాపారులు, మహిళా సంఘాలు కలిసి పొడి చెత్త విషయమై పురపాలక సంఘంతో రాతపూర్వక ఒప్పందం కోరాలి. హైదరాబాద్ – విజయవాడ రహదారి మీదనున్న కోదాడలో హోటళ్లు, షెడ్ల యజమానులు కలిసి ఆడవారు వాడుకోదగిన మరుగుదొడ్లకు, వాటిని శుభ్రపరిచేవారి జీతానికి నెలవారీ నిధి ఏర్పరచాలి. మిర్యాలగూడలో బియ్యం మిల్లుల యజమానుల వద్దకు హమాలీల ప్రతినిధులతో కలిసి వెళ్లి, కార్మికుల బస్తీలో తాగునీరు, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష అడగాలి. ఊక బూడిదలో, దుమ్ములో బస్తాలు మోసేవారి రొమ్ము సంగతి ఆ యజమానులకూ తెలుసు. గొడవగా కాదు, కాగితంతో వెళ్లాలి.

ప్రతి కమిటీలో సగం మంది ఆడవారు ఉండాలి. నీళ్లు మోసేది వారే గనుక లెక్క కూడా వారి చేతిలో ఉండాలి. రసీదు పుస్తకం మొదటి రోజునే కొనాలి. దాని ఖరీదు మేము భరిస్తాము. మా పాత అప్పు అలాగైనా కొంత తీరుతుంది.

 అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక.