కంటిలోని పసుపు మచ్చ



ఇండియా నుంచి మా ఇంటికి వచ్చిన నాన్నగారు ఒక పొద్దున కాఫీ తాగుతూ, "మీ కిటికీ వంకరగా ఉందేమిట్రా?" అన్నారు. కిటికీ బాగానే ఉంది. ఎడమ కన్ను మూస్తేనే ఆయనకలా కనిపిస్తోంది. డాక్టరు చూసి మాక్యులర్ డీజెనరేషన్ అన్నారు. నేను కంప్యూటర్ల మనిషిని, వైద్యుణ్ణి కాను. ఆ తర్వాత చదివి తెలుసుకున్నదే చెబుతాను.

రెటీనా నడిమధ్య మాక్యులా అనే చిన్న పసుపు మచ్చ ఉంటుంది. చదవడం, మొహాలు గుర్తుపట్టడం దాని పనే. ఆ పసుపు ల్యూటిన్, జియాజాంథిన్ అనే పదార్థాలది. అవి పాలకూర, మొక్కజొన్న, గుడ్డు పచ్చసొన లాంటి తిండి నుంచే రావాలి. నీలి కాంతిని కొంత పీల్చుకుని లోపలి కణాలకు గొడుగు పడతాయి.

గొడుగెందుకంటారా? ఎండలో పెట్టిన నూనె కంపు కొట్టినట్టే, వెలుతురూ ఆక్సిజనూ కలిస్తే రెటీనాలోని కొవ్వులూ చెడతాయి. వయసుతో అక్కడి కణాల్లో లిపోఫ్యూసిన్ అనే చెత్త పేరుకుంటుంది. నీలి కాంతి తగిలితే అది ఈ హానిని పెంచుతుంది. కాపు కాసే మెలనిన్ మాత్రం తగ్గిపోతుంది.

మేరీలాండ్‌లో, చీసపీక్ అఖాతంలో చేపలూ పీతలూ పట్టే 838 మందిని పరీక్షించారు. జబ్బు ముదిరినవాళ్ళ కళ్ళమీద అంతకుముందు 20 ఏళ్ళలో నీలి కాంతి ఎక్కువ పడిందని 1992లో తేల్చారు. తర్వాతి అధ్యయనాలన్నీ ఈ మాట బలపరచలేదు. పొగాకు చెరుపు మీద మాత్రం సందేహం లేదు. ఇక మన కంప్యూటర్ తెర అంటారా, ఆకాశం వెలుగు ముందు అదెంత? దానికోసం ప్రత్యేకం కళ్ళద్దాలు కొనేకన్నా ఎండలో టోపీ, చలవ కళ్ళద్దాలు నయం.

మాత్రల సంగతి. నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ 2013లో ప్రకటించిన పరిశోధన తర్వాత, వాటిలో బీటా కెరొటిన్ బదులు ల్యూటిన్, జియాజాంథిన్ వేస్తున్నారు. పొగతాగేవాళ్ళకూ, మానేసినవాళ్ళకూ బీటా కెరొటిన్‌తో ఊపిరితిత్తుల కాన్సర్ ముప్పుంది. ఈ మాత్రలు జబ్బు మధ్యదశలో ఉన్నవారికీ, ఒక కంట్లో ముదిరినవారికీ మాత్రమే, అదీ డాక్టరు చెబితేనే.

నాన్నగారి మంచి కన్ను ఎన్నాళ్ళు రెండో కంటి లోపాన్ని కప్పిపెట్టిందో తెలియదు. ఈ జబ్బులో రక్తనాళాలు కారే రకానికి ఇంజెక్షన్లున్నాయి కానీ, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రావడం కష్టం. ఇవాళ ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నలను ఒక్కో కన్ను మూసి గుమ్మం వైపు చూడమనండి. గీత వంగితే ఆ వారమే డాక్టరు దగ్గరకు పంపండి.