వీధుల పేర్లలో దాచిన మెసేజ్: టెక్సాస్‌లో ఒక జర్మన్ ఊరు

ఈరోజు మ్యాప్‌తో మొదలుపెడదాం. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కదా, మ్యాప్స్ ఓపెన్ చేసి ఫ్రెడరిక్స్‌బర్గ్, టెక్సాస్ అని కొట్టండి. మెయిన్ స్ట్రీట్ మీదకి జూమ్ చేయండి. ఊరి మధ్యలో ఆడమ్స్ స్ట్రీట్ కనిపిస్తుంది. అక్కడి నుంచి తూర్పు వైపు వెళ్తూ అడ్డంగా వచ్చే వీధుల పేర్లు చదవండి. ఆడమ్స్, లానో, లింకన్, వాషింగ్టన్, ఎల్క్, లీ, కొలంబస్, ఆలివ్, మెస్కీట్, ఈగిల్. ఇంగ్లీషులో వీటి మొదటి అక్షరాలు కలపండి. ‘ఆల్ వెల్కమ్’ అని వస్తుంది. ఇప్పుడు పడమర వైపు వెళ్ళండి. క్రాకెట్, ఆరెంజ్, మైలమ్, ఎడిసన్, బోవీ, ఎకార్న్, చెర్రీ, కే. ‘కమ్ బ్యాక్’. వచ్చేవాళ్ళకి స్వాగతం, వెళ్ళేవాళ్ళకి మళ్ళీ రండి అని వీధుల పేర్లతోనే చెప్పేశారు. నాకు ఇది ఫస్ట్ టైమ్ తెలిసినప్పుడు నిజమా కాదా అని ఒక్కో వీధీ చెక్ చేశాను. నిజమే.

ఊరు చిన్నది. 2020 జనాభా లెక్కల్లో 11 వేల మంది కూడా లేరు. మన దగ్గరైతే ఒక పెద్ద మండల కేంద్రం అంత. ఆస్టిన్‌కి పడమర దిక్కున సుమారు 125 కిలోమీటర్లు. ఆస్టిన్‌లో, శాన్ ఆంటోనియోలో ఉన్న మనవాళ్ళలో చాలామంది ఈ ఊరికి ఒక్కసారైనా వెళ్ళే ఉంటారు. పీచ్ పండ్లు, వైన్ తోటలు, దగ్గర్లో ఎన్‌చాంటెడ్ రాక్ అనే పెద్ద గులాబీ రంగు గ్రానైట్ కొండ. ఫొటోలు దిగి వచ్చేస్తారు. అసలు కథ మాత్రం ఫొటోల్లో పడదు.

1842లో జర్మనీలో కొందరు జమీందారులు, ప్రభువులు కలిసి ఒక సంఘం పెట్టారు. పేరు ఆడెల్స్‌ఫెరైన్. వీళ్ళ ప్లాన్ ఏంటంటే, జర్మన్ల కోసం టెక్సాస్‌లో ఒక కొత్త కాలనీ కట్టడం. డబ్బు కట్టిన కుటుంబానికి ఓడ టికెట్, ఇల్లు, 320 ఎకరాల భూమి. వినడానికి ఎలా ఉంది? మన ఊళ్ళలో రియల్ ఎస్టేట్ వెంచర్ బ్రోచర్ లాగా లేదూ? రంగురంగుల లేఅవుట్, ‘ఎయిర్‌పోర్టుకి 20 నిమిషాలు’ టైపు. కట్ చేస్తే, ఆ సంఘం హక్కులు కొన్న భూమి కమాంచీ అనే ఆదివాసీ జాతి తిరిగే ప్రాంతం. కొన్న ప్రభువులు ఆ భూమిని కళ్ళతో చూడలేదు. అక్కడ ఉన్నవాళ్ళని ఎవరూ అడగలేదు.

అయినా జనం వచ్చారు. మొత్తం 7,000 మందికి పైగా. టెక్సాస్ తీరంలో ఇండియనోలా దగ్గర ఓడ దిగారు. అక్కడి నుంచి లోపలికి వెళ్ళడానికి ఎద్దుల బండ్లు కావాలి. సరిగ్గా 1846లో అమెరికాకీ మెక్సికోకీ యుద్ధం మొదలైంది. బండ్లన్నీ సైన్యం అద్దెకి తీసుకుపోయింది. వేల మంది ఆ తీరంలో గుడారాల్లో, వానలో, బురదలో ఇరుక్కుపోయారు. జబ్బులొచ్చి వందల మంది చనిపోయారు. కొందరు నడిచే బయలుదేరి దారిలోనే పోయారు. ఊరు పుట్టిన కథ చెప్పేటప్పుడు ఈ చాప్టర్ ఎవరూ ఎక్కువసేపు చెప్పరు.

ఆ బాధ్యత నెత్తిన పడ్డవాడు మాయ్‌జెబాఖ్. జర్మనీలో ఆయన బ్యారన్, అంటే మన లెక్కలో ఒక రాజావారు. టెక్సాస్‌కి వచ్చాక ఆ బిరుదు తీసేసి మామూలు జాన్ అయిపోయాడు. న్యూ బ్రౌన్‌ఫెల్స్ అనే ఊరి నుంచి 120 మంది బండ్ల మీద 16 రోజులు ప్రయాణం చేసి, 1846 మే 8న ఇక్కడికి చేరారు. ప్రష్యా రాజవంశంలోని ఫ్రెడరిక్ పేరు పెట్టారు. ఎద్దుల బండి ఒకేసారి వెనక్కి తిప్పుకునేంత వెడల్పుగా మెయిన్ స్ట్రీట్ వేశారు. ఇప్పుడు ఆ వెడల్పులోనే పార్కింగ్ దొరక్క మనవాళ్ళు రౌండ్లు కొడుతుంటారు.

తర్వాతి సంవత్సరం మాయ్‌జెబాఖ్ సైన్యం లేకుండా కొద్దిమందితో శాన్ సాబా నది వైపు, కమాంచీల దగ్గరికే వెళ్ళాడు. ఆయనది ఎర్ర జుట్టు. అందుకని వాళ్ళు ఆయన్ని ‘ఎర్ర సూర్యుడు’ అన్నారు. మాట్లాడుకున్నారు. 1847 మే 9న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోనే ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. మీరు మా ఊళ్ళకి రావచ్చు, మేము మీ ప్రాంతానికి వస్తాం, ఒకరినొకరు చంపుకోం, భూమి కొలుచుకోనిస్తే 3,000 డాలర్ల విలువైన వస్తువులు ఇస్తాం. స్థూలంగా ఇదీ అగ్రిమెంట్.

ఊరి మధ్యలో మార్క్ట్‌ప్లాట్స్ అనే చౌక్‌లో ఈ ఒప్పందం గుర్తుగా విగ్రహాలు ఉన్నాయి. ఎప్పుడూ తప్పని ఒప్పందం అని గర్వంగా చెప్పుకుంటారు. అప్పట్లో వలస వచ్చినవాళ్ళకీ ఆదివాసీలకీ మధ్య జరిగిన మిగతా వాటితో పోలిస్తే ఇది నిజంగా గొప్పదే, కాదనను. కానీ ఒక్క ప్రశ్న అడగాలి కదా. కమాంచీలు ఇప్పుడు ఎక్కడ? ఒప్పందం చేసుకున్న పెనటెకా కమాంచీలను 1855లో ఒక రిజర్వేషన్‌లో పెట్టారు. 1859లో టెక్సాస్ నుంచే పంపేశారు, ఇప్పటి ఓక్లహోమాకి. అంటే సంతకం చేసి 12 ఏళ్ళు. ఆ పంపేసిన పని ఈ జర్మన్లు చేయలేదు, అది వేరే విషయం. మాట తప్పలేదు సరే, మాట ఇచ్చినవాళ్ళలో ఒక పక్షం మాత్రం అక్కడ మిగల్లేదు.

అంతర్యుద్ధం వచ్చినప్పుడు ఇంకో గొడవ. 1861లో టెక్సాస్ అమెరికా నుంచి విడిపోవాలా వద్దా అని ఓటింగ్ పెడితే, ఈ గిల్లెస్పీ కౌంటీలో వద్దు అన్నవాళ్ళు 398, కావాలి అన్నవాళ్ళు 16. టెక్సాస్ విడిపోయింది. ఈ చుట్టుపక్కల జర్మన్ కుర్రాళ్ళు 60 మందికి పైగా మెక్సికో వైపు బయలుదేరితే, 1862 ఆగస్టు 10న నూయెసెస్ నది దగ్గర దక్షిణాది సైనికులు చుట్టుముట్టి కాల్చారు. గాయపడి దొరికినవాళ్ళని కూడా వదల్లేదు. యుద్ధం అయ్యాక దగ్గర్లోని కంఫర్ట్ అనే ఊరివాళ్ళు ఎముకలు ఏరి తెచ్చి పాతిపెట్టి, 1866లో జర్మన్ భాషలోనే స్మారకం కట్టారు.

ఇప్పుడు నాకు ఇష్టమైన పార్ట్. భాష. టెక్సాస్‌లో ఈ జర్మన్లు మాట్లాడేది ఒక ప్రత్యేకమైన జర్మన్. ఉదాహరణకి, వీళ్ళు వచ్చేసరికి విమానం అనేదే లేదు. జర్మనీలో తర్వాత దానికి ఒక పేరు పెట్టుకున్నారు, ఆ సంగతి వీళ్ళకి చేరలేదు. వీళ్ళు విమానాన్ని ‘లుఫ్ట్‌షిఫ్’ అన్నారు. అంటే గాలి ఓడ. స్కంక్ అనే కంపు కొట్టే జంతువు జర్మనీలో ఉండదు. ఇక్కడ చూసి ‘స్టింక్‌కాట్జె’ అన్నారు, కంపు పిల్లి. ‘ఫెన్స్’ లాంటి ఇంగ్లీషు మాటలకి జర్మన్ వ్యాకరణం తగిలించి వాడేశారు. మనం ‘కారు డ్రైవ్ చేశాను’ అన్నట్టే.

ఈ ఊళ్ళలో బడి, చర్చి, పేపరు, కొట్లో బేరం అన్నీ జర్మన్‌లోనే నడిచాయి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మనీ శత్రువు. 1918లో బడుల్లో పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలని టెక్సాస్ చట్టం చేసింది. తర్వాత రెండో యుద్ధం. నాకు బాగా గుచ్చుకున్నది ఏంటంటే, చట్టం బడికే, ఇంటికి కాదు. ఇంట్లో మాట్లాడొద్దని ఎవరూ చెప్పలేదు. అమ్మానాన్నలే పిల్లలతో ఇంగ్లీషు మొదలుపెట్టారు, పిల్లలకి ఇబ్బంది రాకూడదని. ఐదు తరాలు నిలిచిన భాష అక్కడ తెగింది. టెక్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హన్స్ బోవస్ 2001 నుంచి మిగిలినవాళ్ళ మాటలు రికార్డు చేస్తున్నారు. వాళ్ళంతా పెద్దవాళ్ళు. వాళ్ళతోనే ఈ యాస అయిపోతుంది.

మా అక్క వాళ్ళు ఆస్టిన్ దగ్గరే ఉంటారు. మేనల్లుడికి తెలుగు మొత్తం అర్థమవుతుంది. అమ్మ ఫోన్లో ‘అన్నం తిన్నావా నాన్నా’ అంటే వాడు ‘యా అమ్మమ్మా’ అంటాడు, అంతే. వాడికి ఏ చట్టం అడ్డం లేదు. ఇంకోటి, ఈ జర్మన్లు టెక్సాస్‌లో దిగుతున్న రోజుల్లోనే మన కోరంగి రేవు నుంచి తెలుగువాళ్ళు మారిషస్ చెరకు తోటలకి ఓడెక్కారు. అక్కడి మనవాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు ఎక్కువగా వినిపించేది క్రియోల్. దాని మీద వేరే ఎపిసోడ్ చేస్తాను, ప్రామిస్.

మరి ఈరోజు ఊరికి వెళ్తే ఏముంటాయి? ఎనిమిది పలకల గుడి ఒకటి ఉంటుంది, ఫెరైన్స్ కిర్షె. కాఫీ గింజలు పొడి చేసే మర లాగా ఉందని జనం దాన్ని కాఫీ మిల్లు అనేవాళ్ళు. 1847 నాటిది కూల్చేశారు, ఇప్పుడున్నది 1930ల్లో కట్టిన నకలు. ‘సండే హౌస్’ అని బుల్లి ఇళ్ళుంటాయి. దూరపు రైతులు శనివారం సంతకి వచ్చి రాత్రి ఉండి, ఆదివారం చర్చికి వెళ్ళి ఇంటికి పోవడానికి కట్టుకున్నవి. ఇప్పుడు అలాంటి పాత ఇళ్ళు చాలావరకు టూరిస్టులకి అద్దెకి. ఊరంతా అద్దె ఇళ్ళే అవుతుంటే అక్కడ పనిచేసేవాళ్ళకి ఉండడానికి ఇల్లు దొరకడం కష్టమైంది. ‘ఆల్ వెల్కమ్’ అన్న ఊళ్ళో ఇదొక తమాషా.

తప్పకుండా చూడాల్సింది పసిఫిక్ యుద్ధ మ్యూజియం. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీద అమెరికా పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్స్ 1885లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్లు. తండ్రి ఆయన పుట్టకముందే పోయాడు. ఓడ ఆకారంలో హోటల్ కట్టిన తాతే పెంపకంలో తోడున్నాడు. 1945లో జపాన్ లొంగుబాటు పత్రం మీద అమెరికా తరఫున సంతకం నిమిట్స్‌దే. అదే మ్యూజియం వెనక జపాన్ కానుకగా ఇచ్చిన శాంతి తోట ఉంది. లోపల బాంబులు, విమానాలు చూసి బయటికొస్తే రాళ్ళు, నీళ్ళు, నిశ్శబ్దం. అక్కడ ఓ పది నిమిషాలు కూర్చోండి, ఫోన్ జేబులో పెట్టి.

పీచ్ పండ్లు కావాలంటే మే నుంచి జులై మధ్య వెళ్ళండి. ఎన్‌చాంటెడ్ రాక్‌కి ముందే బుక్ చేసుకోండి, వీకెండ్‌లో గేట్ దగ్గరి నుంచే వెనక్కి పంపేస్తారు. మారిషస్ ఎపిసోడ్‌తో త్వరలో కలుద్దాం. బై అండీ.