మన పెరటిలోని కాపురములు

(రామగుండము ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సమాచార శాఖ వారు వచ్చినారనగానే ఏదో ఒక పథకమును గూర్చి చెప్పుదురని మీరు తలచుట సహజము. రోడ్లను గూర్చియు, మంచినీటిని గూర్చియు, పింఛనులను గూర్చియు మేము మీతో పలుమార్లు ముచ్చటించియుంటిమి. నేడు మాత్రము మీ యింటి చూరులో, పెరటి వేపకొమ్మపై, మోటబావి గట్టునున్న ఈతచెట్టుపై కాపురముండు చిన్న ప్రాణులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. పంచాయతీకిని పిట్టలకును సంబంధమేమని కొందరు నవ్వవచ్చును. ప్రసంగము ముగియునప్పటికి ఆ సంబంధము మీకే బోధపడునని మా నమ్మకము.

ఇది బొగ్గు సీమ. సింగరేణి గనుల సైరనుతో తెల్లవారును, షిఫ్టు వేళలతో ప్రొద్దు గ్రుంకును. ఓపెన్ కాస్టు గనులలో బ్లాస్టింగు జరిగినప్పుడు కిటికీ రెక్కలు అదరును. తవ్విపోసిన మట్టి గుట్టలై నిలిచినది. 1983 నుండి ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రపు పొగగొట్టములు మన ఆకాశమున కానవచ్చుచున్నవి. ఎండకాలమున ఇచ్చటి వేడి ఎంతటిదో మీకు చెప్పనక్కరలేదు. ఇంతటి ధూళిలో, ఇంతటి చప్పుడులో గూడ గోదావరిఖని కార్మికుని క్వార్టరు ముందు పిచ్చుక కిచకిచలాడుచున్నది. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి అరుగుపై టీ త్రాగు కార్మికుడు పది నిమిషములు కదలక కూర్చున్నచో, ఆ పిచ్చుక తన పెండ్లి ముచ్చట యంతయు అతనికి చూపును.

ఊరపిచ్చుకలలో మగదాని కంఠమున నల్లని మచ్చ యుండును. ఆడుది మట్టిరంగున నిరాడంబరముగా నుండును. మగపిచ్చుక ముందుగా గోడలో నొక బొరియనో, చూరులో నొక సందునో ఎన్నుకొని, దాని ముందు కూర్చుండి పిలుచుచుండును. ఇల్లు కట్టిన తరువాతనే పిల్లనడుగుట దాని మర్యాద. ఆడుది దరికి వచ్చినపుడు రొమ్ము విరిచి, రెక్కలు క్రిందికి వ్రేలవైచి, తోకనెత్తి, దాని చుట్టును గంతులు వేయును. నచ్చనిచో ఆడుది ముక్కుతో పొడిచి తరిమివేయును. నచ్చినచో ఇరువురును గడ్డిపరకలు, ఈకలు, దూదిపింజలు చేర్చి గూడు కట్టుదురు. మూడు మొదలు అయిదు వరకు గ్రుడ్లుండును. పండ్రెండు పదమూడు దినములు పొదిగిన పిమ్మట పిల్లలు వెలువడును. మరి పదునైదు దినములకు అవి ఎగిరిపోవును. అనగా మనము ఒక నెల దినములు ఓర్చుకొన్నచో ఒక సంసారము గట్టెక్కునన్న మాట.

ఆ నెల దినములు ఓర్చుకొనలేని తప్పు మేమును చేసియుంటిమి. చాల సంవత్సరముల క్రిందట మేము పనిచేసిన ఒక కార్యాలయమున గోడకు వ్రేలాడు పటము వెనుక పిచ్చుకలు గూడు కట్టినవి. పై అధికారుల తనిఖీ దగ్గరపడినది. గూడు తీసివేయుమని చెప్పితిమి. ఊడ్చు పనిచేయు ఆమె చీపురు క్రింద పెట్టి, "సారూ, లోపట పిల్లలున్నయి. నాలుగు దినాలు ఆగుదాం," అన్నది. మేము వినలేదు. ఆమె గూటిని గంపలో పెట్టి కిటికీకి కట్టినది. తల్లిపిట్ట నోట పురుగుతో వచ్చి, పటమున్న చోటనే గోడకు కొట్టుకొని తిరిగినదే కాని గంప దరికి పోలేదు. మరునాటి ఉదయమునకు పిల్లలు చనిపోయినవి. తనిఖీకి వచ్చిన అధికారి ఆ గోడవైపు కన్నెత్తియైనను చూడలేదు. నాటినుండి మాకు పిట్టల గూళ్లను చూచు అలవాటు కలిగినది.

ఇక గిజిగాని సంగతి. తొలకరి పడగానే మగ గిజిగాని తలయు రొమ్మును పసుపు పూసినట్లగును. వరి ఆకులను, గడ్డిని, ఈత మట్టలను సన్నని పోగులుగా చీల్చి తెచ్చి, బావిపైకి వంగిన కొమ్మకు ముడివేసి, ముక్కుతోనే అల్లును. నైరుతి గాలివాన సోకకుండ చెట్టునకు తూర్పు ప్రక్కన గూళ్లు కట్టుట తరచుగా చూడవచ్చును. గూడు సగమై టోపీ ఆకారమునకు వచ్చినపుడు పని నిలిపి, రెక్కలాడించుచు మగవన్నియు ఒక్కటిగా కూయును. అప్పుడు ఆడుపిట్టలు వచ్చి అల్లికను ముక్కుతో లాగి పరీక్షించును. గట్టిగానున్న గూటిని ఒప్పుకొనును. అటుపిమ్మటనే మగది గ్రుడ్ల అరను, పొడవైన గొట్టము వంటి వాకిలిని పూర్తిచేయును. ఒప్పుకొనని గూడు సగమునందే వ్రేలాడుచుండును. పని నాణ్యము చూచిన తరువాతనే బిల్లు మంజూరు చేయు పద్ధతి గిజిగాని యింట ఏనాటినుండియో కలదు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930 ప్రాంతమున ఈ పిట్టల నడవడిని దినదినము గమనించి, మగది ఒక గూడు కుదిరిన వెంటనే మరియొక గూటికి పూనుకొనునని లోకమునకు తెలిపెను. ఆయనయే 1931-32లో నిజాము రాజ్యమందలి పక్షులను గూర్చి సర్వే జరిపెను.

ఈ గిజిగాని గూళ్ల మూలముగా ఒక పంచాయతీలో జరిగిన వివాదమును మేము కన్నులార చూచితిమి. ఊరి పేరు చెప్పనక్కరలేదు. బడికి పోవు బాట ఒక పాత బావి గట్టు మీదుగా పోవును. వానకాలమున మోకాలిలోతు బురద. బాట వెడల్పు చేయుటకు డబ్బు మంజూరైనది. గట్టుపై మూడు ఈతచెట్లు అడ్డముగా నున్నవి. శ్రావణమాసము, గూళ్లనిండ పిల్లలు. సర్పంచిగారు చెట్లు కొట్టింపవలెనన్నారు. ఒక మహిళా సభ్యురాలు లేచి, "సర్పంచన్నా, పనికి మార్చి దాక గడువున్నది. పిట్టలకు దసరా దాకనే గడువు," అన్నది. "అందాక మన పిల్లలు బురదల నడువాల్నా చెల్లె?" అని ఆయన అడిగెను. ఆ ప్రశ్నయు న్యాయమైనదే. పిల్లల కాళ్లకు బురద, పిట్టల పిల్లలకు ప్రాణము. ఈ రెంటికిని నడుమ పంచాయతీ తూచవలసి వచ్చినది.

రెండు గంటలు వాదించిన పిమ్మట వారొక మార్గము కనుగొనిరి. బాటకు రెండవ ప్రక్కన రెండు ట్రాక్టర్ల మొరము పోయించి పిల్లల నడకకు వీలు కల్పించిరి. చెట్ల పని దసరా తరువాత చేయవలెనని తీర్మాన పుస్తకమున వ్రాసిరి. దసరా తరువాత కొలిచి చూడగా ఒక్క చెట్టు తీసిన చాలునని తేలినది. మిగిలిన రెండింటిపై మరుసటి తొలకరికి గిజిగాండ్రు మరల వచ్చినవి. ఒక చెట్టు పోయినమాట నిజమే. అయినను తొందరపడి మూడును పోగొట్టుకొనలేదు గదా!

తమిళనాడు రాష్ట్రమున శివగంగ జిల్లాలోని పొత్తకుడి గ్రామస్థుల కథ ఇంతకన్న ఘనమైనది. 2020లో వారి వీధి దీపముల స్విచ్చి పెట్టెలో ఒక చిన్న పిట్ట గూడు కట్టి గ్రుడ్లు పెట్టినది. పిల్లలు ఎగిరిపోవు వరకు నెల దినములకు పైగా ఆ ఊరివారు వీధి దీపములు వెలిగింపక చీకటిలోనే మసలిరి. మన సత్యసాయి జిల్లాలోని వీరాపురమున చింతచెట్లపై గూళ్లు కట్టు ఎర్రకాళ్ల కొంగలను ఊరివారు పురిటికి వచ్చిన ఆడుబిడ్డల వలె చూచుకొందురు.

పాలపిట్టను గూర్చి మీకు తెలియనిది లేదు. అది మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరానాడు జమ్మిచెట్టు దరికి పోవునపుడు దానిని చూచుట శుభమని మన నమ్మకము. ఎండకాలమున మగ పాలపిట్ట ఆకాశమునకు ఎగసి, అటునిటు పొరలుచు, కర్కశముగా అరచుచు క్రిందికి దూకును. అప్పుడు దాని రెక్కల నీలము ఎండలో తళుక్కుమనును. అది గూడు అల్లదు. ఎండిన తాటిమొద్దు తొర్రలోనో, ముసలి చెట్టు తొర్రలోనో గ్రుడ్లు పెట్టును. ఎండినది గదా యని మనము కొట్టివేయు మొద్దే దానికి పురిటిల్లు. దసరానాడు పాలపిట్టను పట్టి పంజరమున పెట్టి చూపి డబ్బు తీసికొనుట కొన్ని చోట్ల కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇది నేరము. ఎగురు పిట్టను చూచినగాని శుభము కలుగదని మీరు ఊరివారికి చెప్పవలెను.

ఈ పిట్టల వలన లాభమేమని రైతు అడుగవచ్చును. పిచ్చుక గింజలు తినుమాట నిజము. కాని పిల్లలకు పెట్టునది ముఖ్యముగా పురుగులనే. 1958లో చైనా ప్రభుత్వము పిచ్చుక పంటకు శత్రువని ప్రకటించి, జనులచేత డప్పులు కొట్టించి, వాలనీయక చంపించెను. పురుగులు పెచ్చు పెరిగిన పిమ్మట పొరపాటు తెలిసికొని, 1960లో పిచ్చుకను ఆ జాబితా నుండి తొలగించి దాని స్థానమున నల్లిని చేర్చెను. మన పత్తి చేలలో పసులపోలిగాడును, పాలపిట్టయు, గోరింకయు కూలి అడుగక పురుగులను ఏరుచున్నవి.

గనిపనివారికి మరియొక మాట. బ్రిటన్ దేశపు బొగ్గు గనులలోనికి పూర్వము కానరీ అను చిన్న పిట్టను పంజరమున తీసికొనిపోవువారు. విషవాయువు మనుష్యునికి తెలియకమునుపే పిట్టకు సోకును. అది ఒరిగినచో గనివారు వెంటనే బయటికి వచ్చువారు. 1986లో ఆ పద్ధతి మానివేసి యంత్రములు పెట్టిరి. మన పెరటి పిచ్చుకయు అట్టి హెచ్చరికయే. ఏ వాడలో పిచ్చుక కూత ఆగినదో, ఆ వాడలో గోడకు బొరియ, చెట్టునకు నీడ, నేలపై పురుగు, త్రాగుటకు నీరు వీనిలో ఏది కరువైనదో విచారింపవలెను. పిట్టకు కరువైనది రేపు మనకును కరువు కావచ్చును.

కావున సభ్యులారా, మీరు చేయదగిన పనులు కొన్ని చెప్పి ముగించెదము.

ఒకటి: కొమ్మలు నరుకుట, పాతగోడలు కూల్చుట వంటి పనులు తలపెట్టినపుడు ముందుగా గూళ్లున్నవేమో చూచి, పిల్లలున్నచో నెల దినములు వాయిదా వేయుడు. రెండు: 2018 నాటి తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టము ప్రతి పంచాయతీకి నర్సరీ యుండవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు చెప్పుచున్నది. ఆ నర్సరీలో రావి, మర్రి, మేడి, నేరేడు, వేప, చింత మొక్కలు పెంచుడు. అవి నీడయు ఇచ్చును, పండ్లు ఇచ్చును, గూటికి చోటును ఇచ్చును. మూడు: స్లాబు ఇండ్లలో పిచ్చుకకు సందు దొరకదు. అంగుళమున్నర బెజ్జము గల చిన్న చెక్కపెట్టెనో, మట్టికుండనో పిల్లికి అందని ఎత్తున, ఎండ తగలని గోడకు కట్టుడు. నాలుగు: ఎండకాలమున వెడల్పాటి మట్టిమూకుడులో నీరు పోసి నీడన ఉంచి, దినదినము మార్చుడు. అయిదు: 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీలో నొక కమిటీ యుండి, ఊరి చెట్లను, జీవులను పుస్తకమున నమోదు చేయవలెను. ఏ చెట్టుపై ఏ పిట్ట ఏ నెలలో గూడు కట్టినదో బడిపిల్లలచేత వ్రాయింపుడు. అయితే గూటిని ముట్టరాదు. పది అడుగుల దూరమున నిలిచి చూడవలెను. పొదుగు తల్లిని బెదరించినచో గ్రుడ్లు చల్లారిపోవును.

వీనిలో ఏదియు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నేటి సాయంకాలము ఇంటికి పోయిన తరువాత పది నిమిషములు అరుగుపై ఊరక కూర్చుండుడు. మీ ఓటర్ల జాబితాలో పేరులేని కాపురములు మీ వార్డులో ఎన్ని కలవో లెక్కింపుడు. వచ్చు సమావేశమునకు ఆ లెక్క తెచ్చి చెప్పినచో మేము సంతోషముతో వ్రాసికొందుము.