ఫెజ్ నగరంలో రాతి మీది వక్ఫ్‌నామా
(కోయిలకుంట్లలో చేసిన ప్రసంగ పాఠం)



మొరాకో దేశంలోని ఫెజ్ నగరాన్ని చూసివచ్చానని తెలిసి, ఆ విశేషాలు చెప్పమని మీరు నన్ను పిలిచారు. కుందూ ఒడ్డున బతికే మనకు ఆ ఊరితో ఏం సంబంధమని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది. 1325లో టాంజియర్ నుంచి బయలుదేరిన ఇబ్న్ బతూతా మన దేశానికి వచ్చి, ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేశాడు. తిరిగివెళ్లాక సుల్తాన్ అబూ ఇనాన్ ఆజ్ఞపై తన యాత్రలన్నింటినీ ఇబ్న్ జుజయ్ అనే పండితుడికి చెప్పి రాయించాడు. 1355లో ముగిసిన ఆ రచన ఫెజ్‌లోనే రూపుదిద్దుకున్నది. పద్నాలుగో శతాబ్దపు మన దేశాన్ని గురించి నేటికీ మనం ఆధారంగా చూపే పుస్తకాల్లో అదొకటి.

కాసాబ్లాంకాలో విమానం దిగి, అక్కడినుంచి రైలులో ఫెజ్ చేరాను. పాత నగరంలోకి మోటారు వాహనాలు పోవు. రెండు చేతులు చాపితే ఇరువైపుల గోడలూ తగిలే సందులు ఎన్నో ఉన్నాయి. సరుకంతా గాడిదల మీదా, కంచర గాడిదల మీదా వస్తుంది. వెనుకనుంచి 'బాలక్! బాలక్!' అన్న కేక వినబడితే, ఈ వయసులో నన్ను బాలకా అని పిలిచేదెవరా అని తిరిగి చూశాను. గోడకు అదిమినట్టు నిలబడ్డాక తెలిసింది, 'తప్పుకో' అని దాని అర్థమని. 1981 నుంచి ఆ పాత నగరం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అయినా అది ప్రదర్శనశాల కాదు, జనం కాపురముంటున్న ఊరు.

859 ప్రాంతంలో ఖైరవాన్ నుంచి వలసవచ్చిన వర్తకుడి కుమార్తె ఫాతిమా అల్ ఫిహ్రీ తనకు వారసత్వంగా వచ్చిన ధనంతో ఖరవియ్యీన్ మసీదును కట్టించిందని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆ కథనం శతాబ్దాల తర్వాత గ్రంథస్థమైంది గనుక కొందరు చరిత్రకారులు సందేహిస్తారు. ఆ మసీదే తర్వాత మహా విద్యాకేంద్రమైంది. అక్కడ నమాజు చేసే భాగ్యం నాకు కలిగింది. నాతోపాటు ప్రయాణించిన హిందూ మిత్రుడు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. ఆ దేశంలో చాలా మసీదుల్లోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు. మన సీమ దర్గాల్లో ఉరుసు రోజున ముందు వరుసలో ఎవరుంటారో తెలిసిన నాకు ఆ గుమ్మం బాధ కలిగించింది. మనం ఫెజ్‌ను చూసి నేర్చుకోనక్కరలేని విషయమిది.

నేర్చుకోవలసినది బూ ఇనానియా మదరసాలో కనబడింది. ఇబ్న్ బతూతా చేత యాత్రాగ్రంథం రాయించిన ఆ అబూ ఇనానే 1350లలో దాన్ని కట్టించాడు. ఖర్చుల లెక్క తెచ్చి చూపితే, అందమైనదానికి ఎంత పెట్టినా ఎక్కువ కాదని ఆ లెక్కల పుస్తకాన్ని ఏటిలో పారవేశాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, అదే సుల్తాన్ మదరసా పోషణ కోసం వక్ఫ్ చేసిన ఆస్తుల జాబితాను మాత్రం పాలరాతి మీద చెక్కించాడు. అక్కడ వక్ఫ్‌ను హబూస్ అంటారు. ఉర్దూ చదువుకున్నవాణ్ని గనుక ఆ రాతిపై కొన్ని మాటలను పోల్చుకోగలిగాను. వీటి అద్దెలతో ఈ బడి నడవాలి అన్నది దాని సారాంశం. ఖర్చును ఏటిలో కలిపినవాడు కూడా హక్కును రాతికెక్కించాడు!

ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్ర గ్రంథపు ప్రతిని 1396లో ఖరవియ్యీన్ గ్రంథాలయానికి వక్ఫ్ చేశాడు. నమ్మకస్థుడికే, తగిన హామీ తీసుకుని, రెండు నెలలకు మించకుండా ఎరువివ్వాలని షరతు కూడా రాయించాడు. ఒక పుస్తకానికే అంత పకడ్బందీ కాగితం!

మెల్లా గురించి చెప్పకుండా ముందుకు పోలేను. అది యూదుల పేట, 15వ శతాబ్దంలో రాజప్రాసాదం పక్కనే ఏర్పడింది. మనం ఇక్కడ అల్పసంఖ్యాకులం, అక్కడ వారు. సుల్తాన్ దయ ఉన్నన్నాళ్లూ వారికి రక్షణ ఉండేది. 1465 తిరుగుబాటులో వారు ఊచకోతకు గురయ్యారు. 1912 ఏప్రిల్ అల్లర్లలో పేట మొత్తం దోపిడీకి గురైతే, సుల్తాన్ ప్రాసాదం తలుపులు తెరిపించగా వేలమంది ఆ ఆవరణలో, జంతుశాలలో సైతం తలదాచుకున్నారు. తలుపు తెరిచిన చేతిని మెచ్చుకుందాం. కానీ జంతువుల బోనుల మధ్య దొరికిన ఆశ్రయాన్ని హక్కు అనలేము. నేడు ఆ పేటలో యూదులు దాదాపు లేరు. తెల్లని సమాధులు మిగిలాయి. వాటి మధ్య నిలబడి, మనకు రాజ్యాంగంలో 26వ అధికరణం ఉన్నదని గుర్తు చేసుకున్నాను. ధార్మిక ఆస్తిని కలిగి ఉండటం, చట్టప్రకారం నిర్వహించుకోవటం ఎవరి దయా కాదని అది చెబుతుంది.

ఇక మన ఊళ్లకు వద్దాం. దర్గా మాన్యం ఎంత అని అడిగితే, 'ఆ చింతచెట్టు నుంచి వంక దాకా' అని పెద్దాయన చేయి చాపి చూపిస్తాడు. ఆయన అబద్ధమాడటం లేదు. కాని 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం ఇకపై వక్ఫ్‌నామా లేకుండా వక్ఫ్ ఏర్పడదు. తరతరాల వాడుక వల్ల వక్ఫ్ అయినవాటిలో అంతకుముందే నమోదైనవాటికి మినహాయింపు ఇచ్చారు. వివాదం ఉన్నా, ప్రభుత్వ భూమి అన్నా ఆ మినహాయింపూ వర్తించదు. సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు కొన్ని నిబంధనలను నిలిపివేసింది గాని, దీన్నీ, నమోదు నిబంధననూ నిలపలేదు. జూన్ 6న మొదలైన ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించటానికి ఆరు నెలల గడువు పెట్టారు. గడువు దాటినవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి.

అనేక తరాలు నోటిమాటగా కాపాడుకున్నదానికి ఆరు నెలల్లో కాగితం చూపమనటం అన్యాయమని నేను నమ్ముతాను, ఈ వేదిక మీదినుంచే అంటున్నాను. ఆ పోరాటం కోర్టుల్లో, సభల్లో సాగవలసిందే. మాన్యం పోతే ఏమవుతుందో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. కట్టుబడుల మాన్యాలు కుంపిణీ ప్రభుత్వం లాగేసుకున్న అసంతృప్తి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట జనాన్ని నడిపించింది. మరుసటి ఏడాది ఆయన్ను ఉరితీసింది ఇక్కడే.

అయితే అన్యాయమని అంటూ చేతులు కట్టుకుని కూర్చుంటే, ఉన్న ఆధారాలు చెదలపాలవుతాయి. ఆధారాలు లేవనుకోకండి. ఇనాం కమిషన్ కాలపు ఇనాం ఫెయిర్ రిజిస్టర్ ఉంది, ఆర్.ఎస్.ఆర్. ఉంది, పాత అడంగళ్లు ఉన్నాయి, వక్ఫ్ సర్వే చేసి ప్రకటించిన గెజెట్లు ఉన్నాయి. ముతవల్లీల ఇళ్లల్లో ట్రంకు పెట్టెల అడుగున కౌలు చీటీలు, శిస్తు రసీదులు ఉన్నాయి. వాటిని తీసి నకళ్లు చేయించండి. మసీదు గోడమీద సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, ఏటా వచ్చే కౌలు ఎంతో అందరికీ కనబడేలా రాయించండి. అలా రాస్తే బయటివాడి ఆక్రమణ తెలుస్తుంది, మనలోనివాడి ఆక్రమణ కూడా తెలుస్తుంది. ఈ రెండో మాటకు కొందరు ముఖం చిట్లించటం ఇక్కడినుంచి కనబడుతూనే ఉంది.

సభ ముగిశాక ఆ కిటికీ పక్కన బల్ల వేసుకుని కూర్చుంటాను. కాగితాలు తెచ్చినవారు రండి. తేనివారు ఊరి పేరు, ఆస్తి వివరం, తెలిస్తే సర్వే నంబరు చెప్పండి, రాసుకుంటాను. ముందు ఖబరస్తాన్లవి చూద్దాం.